విడాకుల తర్వాత పిల్లలతో వేరే రాష్ట్రానికి: అడిగి వెళ్లడానికీ, వెళ్లాక చెప్పడానికీ ఉన్న తేడా

హైదరాబాద్‌లో విడాకులు తీసుకున్న తల్లి ఇద్దరు పిల్లలతో విజయవాడలోని పుట్టింటికి వెళ్లిపోవడం 2014 జూన్ 2కు ముందు ఊరు మారడం మాత్రమే. ఇప్పుడది రాష్ట్రం మారడం. దారి అదే, సుమారు 275 కిలోమీటర్లు, ఐదారు గంటల బస్సు ప్రయాణం. కానీ మధ్యలో సరిహద్దు వచ్చింది. 2019 జనవరి 1 నుంచి అటొక హైకోర్టు, ఇటొక హైకోర్టు అయ్యాయి. పిల్లల చదువుల్లో లోకల్, నాన్‌లోకల్ లెక్కలు ఇంకా బిగుసుకున్నాయి. బెంగళూరులో ఉద్యోగం వచ్చినవాళ్లకు, చెన్నైలో అన్నయ్య ఆసరా చూసుకుని బయల్దేరేవాళ్లకు, పుణెకు బదిలీ అయినవాళ్లకు చిక్కులు ఇంతకంటే ఎక్కువే.

ఇలాంటివాళ్లు లాయర్ దగ్గర మొట్టమొదట అడిగేది "నేను వెళ్లొచ్చా?" అని. పెద్దవాళ్ల వరకూ దీనికి జవాబు సులువు. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు పౌరులందరికీ రాజ్యాంగమే ఇచ్చింది కాబట్టి విడాకులు తీసుకున్న మనిషిని ఫలానా ఊళ్లోనే ఉండమని ఏ కోర్టూ కట్టిపడేయదు. కోర్టు పట్టించుకునేది పిల్లల సంగతి. వాళ్లు అవతలి తల్లినో తండ్రినో ఇకమీదట ఎప్పుడు చూస్తారు, ఎలా చూస్తారు, తేడాలొస్తే ఏ ఊరి కోర్టు తీరుస్తుంది అన్నవే అక్కడ తేలాలి. ఈ కేసుల తీరు గమనిస్తే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలతో రాష్ట్రం మారడం మన చట్టంలో తప్పు కాదు. చెప్పకుండా మారడమే తర్వాత మెడకు చుట్టుకుంటుంది.

మన దేశంలో ఇందుకంటూ ప్రత్యేక చట్టం లేదు. జస్టిస్ ఏపీ షా నేతృత్వంలోని లా కమిషన్ 2015 మేలో ఇచ్చిన 257వ నివేదికలో పిల్లల కస్టడీ చట్టాలను సంస్కరించాలని, ఉమ్మడి కస్టడీకి చోటివ్వాలని సిఫారసు చేసింది. అది చట్టం కాలేదు. ఇది పెద్ద లోటు. ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, అవతలివాళ్లు ఒప్పుకోకపోతే ఏం చేయాలి అన్న మామూలు ప్రశ్నలకు కూడా ఒకచోట రాసిపెట్టిన జవాబు లేక, తల్లిదండ్రులు పాత చట్టాల్లోంచి, తీర్పుల్లోంచి ఏరుకోవాల్సి వస్తోంది.

ఆ పాత చట్టాల్లో ముఖ్యమైనవి రెండు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 ప్రకారం విడాకుల డిక్రీలోనే (కోర్టు తుది ఉత్తర్వులోనే) పిల్లల కస్టడీ, పోషణ, చదువు గురించి కోర్టు ఉత్తర్వులు ఇవ్వవచ్చు, డిక్రీ వచ్చాక కూడా వాటిని మార్చవచ్చు. రెండోది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. ఇది అన్ని మతాలవాళ్లకూ వర్తిస్తుంది. ఈ రెండో చట్టం కింద కోర్టు ఎవరినైనా గార్డియన్‌గా, అంటే పిల్లల సంరక్షకులుగా, నియమిస్తే, కోర్టు అనుమతి లేకుండా పిల్లల్ని ఆ కోర్టు పరిధి దాటించకూడదని సెక్షన్ 26 అంటుంది. కోర్టు అధికారానికి అందకుండా చేయడానికి దాటిస్తే వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా ఆరు నెలల వరకు సివిల్ జైలు అని సెక్షన్ 44 చెబుతుంది. అంటే గార్డియన్ ఉత్తర్వు చేతిలో ఉన్నవాళ్లు రాష్ట్రం దాకా అక్కర్లేదు, జిల్లా దాటాలన్నా ముందు కోర్టును అడగాల్సిందే. రాకపోకల కోసం ఒకేసారి సాధారణ అనుమతి కూడా తీసుకోవచ్చని సెక్షన్ 26లోనే ఉంది. ఆ వెసులుబాటును వాడుకోవడం మంచిది.

విడాకుల డిక్రీతో కస్టడీ వచ్చినవాళ్లకు ఈ నిషేధం నేరుగా వర్తించకపోవచ్చు. కానీ డిక్రీలో "ప్రతి నెలా రెండో, నాలుగో ఆదివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు తండ్రి పిల్లల్ని చూడవచ్చు" అని ఉంటే, బెంగళూరుకు మకాం మార్చిన రోజే ఆ వాక్యం అమలు కాని మాట అయిపోతుంది. రెండు ఆదివారాలు దాటగానే అవతలి పక్షం కోర్టు ధిక్కరణ పిటిషన్ వేయవచ్చు. పిల్లల్ని అక్రమంగా పెట్టుకున్నారంటూ వాళ్లను కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ కూడా హైకోర్టులో వేయవచ్చు. అది నిలుస్తుందా లేదా అన్నది తర్వాతి మాట. ఈలోగా వాయిదాలు, లాయర్ ఫీజు, కొత్త ఉద్యోగంలో సెలవులు, ఇంట్లో టెన్షన్ అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

ఇక వెళ్తానని అడిగినప్పుడు కోర్టులు ఏం చూస్తాయన్నది. 2010లో సుప్రీం కోర్టు ముందుకు వచ్చిన కేసులో భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిపోయారు. బాబు తల్లి దగ్గర ఉంటున్నాడు, తండ్రికి చూసే హక్కు ఉంది. తర్వాత తల్లికి ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చింది. కొడుకును తీసుకెళ్తానని ఆమె అడిగితే, ఒప్పందం అప్పుడే కుదిరిపోయిందని తండ్రి అడ్డుచెప్పాడు. న్యాయమూర్తులు బాబుతో స్వయంగా మాట్లాడారు. బిడ్డ కావాలో ఉద్యోగం కావాలో తేల్చుకోమని తల్లిని అడగకూడదని అంటూ అనుమతి ఇచ్చారు, తండ్రి బాబును కలవడానికి కొత్త ఏర్పాట్లు చేశారు. ఆ తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. కస్టడీ ఉత్తర్వులు రాతి మీద గీతలు కావు, పిల్లల మేలు కోసం ఎప్పుడైనా మార్చవచ్చు. దేశమే దాటడానికి అనుమతి దొరికినప్పుడు పక్క రాష్ట్రానికి దొరకదని ముందే నిరాశపడాల్సిన పనిలేదు. అయితే ఆ తల్లి బాబును తీసుకెళ్లిపోయి తర్వాత కోర్టుకు రాలేదు, అడగడానికే వచ్చింది. ఆ తీర్పు చదివేవాళ్లు ఈ సంగతిని దాటేయకూడదు.

2020 జనవరిలో మరో కేసులో సుప్రీం కోర్టు ఇంకొంచెం ముందుకెళ్లింది. తల్లిదండ్రులు వేర్వేరు రాష్ట్రాల్లోనో దేశాల్లోనో ఉన్నప్పుడు, పిల్లల్ని చూసే హక్కుతో పాటు వాళ్లతో మాట్లాడే హక్కు కూడా ముఖ్యమని చెప్పింది. ప్రత్యేక కారణాలు ఉంటే తప్ప, కస్టడీ లేని తల్లి లేదా తండ్రి రోజూ ఐదు పది నిమిషాలు పిల్లలతో మాట్లాడగలగాలని, అందుకు వీడియో కాల్ అన్నిటికంటే మేలని అంది. రాష్ట్రం మారాలని పిటిషన్ వేసేవాళ్లు ఈ తీర్పును ముందు పెట్టుకుని, రోజూ రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ చేయిస్తామని తామే రాసిస్తే కోర్టుకు నమ్మకం కుదురుతుంది. అవతలివాళ్లు అడిగేదాకా ఆగడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

2025 జులైలో కేరళ నుంచి వచ్చిన కేసు మరోలాంటిది. విడాకుల తర్వాత తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది, బిడ్డతో మలేషియా వెళ్లాలనుకుంది. తండ్రి కస్టడీ కోరాడు. హైకోర్టు అతనికే ఇచ్చింది, సుప్రీం కోర్టు కూడా 2024లో దాన్ని సమర్థించింది. ఆ తీర్పు తర్వాత, తల్లికి దూరం కావాల్సి వస్తుందన్న భయంతో పిల్లవాడు ఆందోళనతో కుంగిపోతున్నాడని మానసిక నిపుణుల నివేదికలు వచ్చాయి. తీర్పును మళ్లీ పరిశీలించమని వేసిన రివ్యూ పిటిషన్‌లో సుప్రీం కోర్టు తన తీర్పునే మార్చుకుని బిడ్డను తల్లికి అప్పగించింది. గెలిచామనుకున్న పక్షం, ఓడామనుకున్న పక్షం ఇద్దరూ గుర్తుంచుకోవాల్సిన కేసు ఇది. పిల్లవాడు లోలోపల కుంగిపోతున్నాడన్న విషయం అన్ని వాదనల్నీ తలకిందులు చేయగలదు.

పిల్లల ఇష్టం మాటకొస్తే, ఆలోచించి చెప్పగల వయసు ఉంటే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని 1890 చట్టంలోనే ఉంది. జడ్జీలు పిల్లల్ని చాంబర్‌లోకి పిలిచి, పెద్దవాళ్లను బయట కూర్చోబెట్టి మాట్లాడతారు. బడి, స్నేహితులు, అమ్మమ్మ ఇల్లు, నాన్నతో గడిపే ఆదివారం, ఇలాంటి మాటల్లోంచే చాలా సంగతులు బయటపడతాయి. ఏం చెప్పాలో ముందు రోజు రాత్రి కూర్చోబెట్టి నేర్పిస్తే మూడో ప్రశ్నకే తెలిసిపోతుంది. అది నేర్పినవాళ్లకే నష్టం. అంతకుమించి, ఆ బరువు పిల్లల నెత్తిన పెట్టడం అన్యాయం.

ఏ కోర్టు అన్న ప్రశ్న చాలామంది ఆలస్యంగా తెలుసుకునేది. గార్డియన్ పిటిషన్ ఎక్కడ వేయాలంటే, పిల్లలు మామూలుగా నివాసం ఉండే చోట అంటుంది 1890 చట్టం సెక్షన్ 9. రెండు వారాల కిందట విజయవాడ తీసుకొచ్చి బడిలో చేర్పిస్తే అది మామూలు నివాసం అవుతుందా? అక్కడే స్థిరపడాలన్న ఉద్దేశం, వచ్చిన తీరు, ఎన్నాళ్లుగా ఉంటున్నారు అన్నవి చూసి సాక్ష్యాల మీద తేల్చాల్సిన విషయమని 2011లో సుప్రీం కోర్టు చెప్పింది. కేసులో పైచేయి కోసమే ఊరు మార్చారని కోర్టుకు అనిపిస్తే కొత్త ఊరు లెక్కలోకి రాకపోవచ్చు. డిక్రీలోని కస్టడీ షరతులు మార్చమని అడగడానికైతే ఆ డిక్రీ ఇచ్చిన కోర్టుకే వెళ్లడం సూటి దారి.

రాష్ట్ర సరిహద్దు దెబ్బ నేరుగా తగిలేది ఇక్కడే. హైదరాబాద్‌లో నడుస్తున్న కేసును వరంగల్‌కు మార్చాలంటే తెలంగాణ హైకోర్టును అడిగితే చాలు. అదే కేసును విజయవాడకు మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 25 కింద సుప్రీం కోర్టుకు, అంటే ఢిల్లీకి, వెళ్లాలి. 2018 చివరి వరకు రెండు ఊళ్లూ ఒకే హైకోర్టు కింద ఉండేవి. వైవాహిక కేసుల బదిలీలో భార్య సౌకర్యానికి సుప్రీం కోర్టు చాలాకాలంగా పెద్దపీట వేస్తోంది, చంటిపిల్లలున్న తల్లుల పిటిషన్లు తరచుగా నెగ్గుతాయి. అయినా పాతబస్తీలోని పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టు నుంచి ఒక ఫైలు రాష్ట్ర సరిహద్దు దాటడానికి ఢిల్లీలో లాయర్‌ను పెట్టుకోవాల్సి రావడం మామూలు సంపాదన ఉన్నవాళ్లకు పెద్ద భారం. కేసు నడుస్తుండగా మారాలనుకునేవాళ్లు ఈ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి.

కాబట్టి మ్యూచువల్ విడాకుల ఒప్పందం రాసుకునే రోజే ఊరు మారే సంగతి కూడా రాసుకోవడం అన్నిటికంటే తేలిక. ఆ రోజు ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటారు, ఇద్దరికీ త్వరగా అయిపోవాలని ఉంటుంది. బంగారం, కారు, భరణం మీద గంటలు గంటలు మాట్లాడుకుంటారు. మూడేళ్ల తర్వాత ఎవరైనా ఊరు మారితే పిల్లల సంగతేంటి అన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. ఉద్యోగం వల్లనో, కుటుంబం ఆసరా కోసమో మారాల్సి వస్తే కనీసం మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, కొత్త చిరునామా, బడి వివరాలు ఇవ్వాలి, చూసే రోజులు ఎలా మారతాయి, ప్రయాణ ఖర్చు ఎవరిది అని నాలుగు వాక్యాలు ఉంటే తర్వాత నాలుగేళ్ల కేసు తప్పుతుంది.

చూసే రోజుల లెక్క కాగితం మీద ఒకలా, బస్సులో ఒకలా ఉంటుంది. బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు సుమారు 570 కిలోమీటర్లు. రెండో క్లాసు పిల్ల శుక్రవారం రాత్రి బస్సెక్కితే శనివారం పొద్దున దిగుతుంది, ఆదివారం రాత్రి మళ్లీ బస్సు, సోమవారం నిద్రకళ్లతో బడి. తోడుగా పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి. నెలకు రెండుసార్లు ఇది ఏ పిల్లా తట్టుకోలేదు. అందుకే దూరం పెరిగినప్పుడు తరచు చూడటం తగ్గించి, ఉండే రోజులు పెంచాలి. వేసవి సెలవుల్లో సగం, దసరా ఒక ఏడు, సంక్రాంతి ఒక ఏడు, కాస్త ముందుగా చెప్పి బెంగళూరు వచ్చి వారాంతం గడిపే వీలు, రోజూ వీడియో కాల్. నాన్నతో ఒక్క పూట మాల్‌లో తిరగడం కంటే నాయనమ్మ ఇంట్లో పదిహేను రోజులు ఉండటం పిల్లలకు ఎక్కువ మేలు చేయవచ్చు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. తెలంగాణలో వేసవి సెలవులు దాదాపు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు ఉంటాయి. కర్ణాటకలో స్టేట్ సిలబస్ బళ్లకు ఏప్రిల్ రెండో వారంలోనే సెలవులు మొదలై మే ఆఖరుకు అయిపోతాయి. హైదరాబాద్‌లో కూర్చుని "మే 16 నుంచి జూన్ 10 వరకు తండ్రి దగ్గర" అని తేదీలు రాస్తే, బెంగళూరు బడి ఆ మధ్యలోనే తెరిచేస్తుంది. దసరా, సంక్రాంతి సెలవుల లెక్కలు కూడా రాష్ట్రానికో తీరు. తేదీలకు బదులు "పిల్లలు చదివే బడి సెలవుల్లో మొదటి సగం" అని రాసుకుంటే ఏటా గొడవ ఉండదు.

చదువు విషయంలో చట్టం కొంత ఊరట ఇస్తోంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం, ఏ కారణంతోనైనా ఒక బడి నుంచి ఇంకో బడికి, రాష్ట్రంలోనైనా బయటికైనా మారాల్సి వస్తే హెడ్‌మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. ఇది ఎనిమిదో తరగతి వరకే. చేర్చుకోమని హక్కుగా అడగగలిగేది కూడా సర్కారు, ఎయిడెడ్ బళ్లలోనే. తండ్రి సంతకం కావాలని బడివాళ్లు పట్టుబడితే కస్టడీ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ చూపించాలి. అందుకే కోర్టు నుంచి నాలుగైదు కాపీలు తీసి పెట్టుకోవడం మంచిది. తొమ్మిది దాటాక బోర్డు రిజిస్ట్రేషన్ల చిక్కు వస్తుంది. పదిలో, పన్నెండులో మధ్యలో చేర్చుకోవడానికి సీబీఎస్ఈ సులువుగా ఒప్పుకోదు. కర్ణాటకలో కన్నడం, తమిళనాడులో తమిళం నేర్పడం తప్పనిసరి చేస్తూ చట్టాలున్నాయి కాబట్టి ఆరో క్లాసులో వెళ్లిన పిల్లలు కొత్త లిపి నేర్చుకోవాలి. పిల్లలు నేర్చేసుకుంటారు, కానీ మొదటి ఏడాది వాళ్లకు తోడు కావాలి.

తెలుగు రాష్ట్రాల పిల్లలకు మరెక్కడా అంతగా లేని సమస్య లోకల్ హోదా. రాజ్యాంగంలోని ఆర్టికల్ 371డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచీ, కాలేజీ సీట్లకు ప్రధాన కొలత అర్హత పరీక్షతో (సాధారణంగా ఇంటర్‌తో) ముగిసే చివరి నాలుగేళ్ల చదువు. తెలంగాణలో ఎంబీబీఎస్ సీట్లకు తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా నాలుగేళ్లూ రాష్ట్రంలోనే చదవాలన్న నిబంధనను 2025 సెప్టెంబర్‌లో సుప్రీం కోర్టు సమర్థించింది. ఉన్న మినహాయింపులు ప్రధానంగా ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు. ఉమ్మడి ప్రవేశాల కోసం విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు కూడా 2024 జూన్‌తో అయిపోయింది. పది హైదరాబాద్‌లో చదివి ఇంటర్ విజయవాడలో చేరిన అమ్మాయి తెలంగాణలో లోకల్ కాకుండా పోవచ్చు, ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్లు నిండక అక్కడా నాన్‌లోకల్‌గా మిగిలే ప్రమాదం ఉంది. ఎనిమిది అయ్యాక మారినా, ఇంటర్ అయ్యాక మారినా ఈ ముప్పు చాలా వరకు తప్పుతుంది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకు కొలత వేరు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. నిబంధనలు జీవోలతో మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోవాలి, చదివిన ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తీసి దాచుకోవాలి. కస్టడీ పిటిషన్లలో ఈ సంగతి రాసుకునేవాళ్లు తక్కువ. నిజానికి పిల్లల మేలు గురించి జడ్జికి చెప్పగలిగే గట్టి విషయాల్లో ఇదొకటి, వెళ్లాలనేవాళ్లకైనా, వద్దనేవాళ్లకైనా.

కొట్టే మనిషి నుంచి తప్పించుకుని వెళ్లేవాళ్లకు పైన చెప్పిన ముందస్తు నోటీసుల మాట వర్తించదు. 2005 గృహహింస చట్టం కింద తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్లోనే మేజిస్ట్రేట్ దగ్గర కేసు వేయవచ్చు, పిల్లల తాత్కాలిక కస్టడీ అడగవచ్చు. పిల్లలకు హాని ఉందనిపిస్తే తండ్రి చూడటాన్ని కూడా మేజిస్ట్రేట్ నిరాకరించవచ్చు. ముందు ప్రాణం కాపాడుకోవాలి. ఆ తర్వాత వీలైనంత త్వరగా ఒక కోర్టు ముందు నిలబడి ఎందుకు వచ్చామో రికార్డులోకి ఎక్కించుకోవాలి.

ఈ షరతులన్నీ కస్టడీ ఉన్నవాళ్లను, అంటే ఎక్కువ కేసుల్లో తల్లిని, కట్టేస్తాయి. తండ్రి పుణెకో డాలస్‌కో వెళ్లిపోతే ఎవరి అనుమతీ అక్కర్లేదు, పిల్లలు ఎదురుచూసే ఆదివారాలు వాటంతటవే ఆగిపోతాయి. ఊరు మారేటప్పుడు చెప్పాలన్న షరతు ఒప్పందంలో రాసుకుంటే అది ఇద్దరికీ ఉండాలి. ప్రయాణ ఖర్చు విషయంలోనూ అంతే. ఎవరు మారితే వాళ్లే పెద్ద వాటా భరించాలన్నది న్యాయంగా ఉంటుంది. కానీ ఉద్యోగం పోయి పుట్టింటికి వెళ్లే తల్లి మీద ఆ భారం పడేస్తే పిల్లలు తండ్రిని చూడటమే ఆగిపోతుంది, కాబట్టి సంపాదనను బట్టి పంచుకోవాలి. కొత్త ఊళ్లో అద్దె, ఫీజులు పెరిగితే పోషణ ఖర్చు పెంచమని అదే పిటిషన్‌తో పాటు అడగవచ్చు.

చివరగా సమయం సంగతి. బళ్లలో అడ్మిషన్లు జనవరి నుంచే మొదలవుతాయి, కోర్టులకు మేలో వేసవి సెలవులు. ఏప్రిల్‌లో పిటిషన్ వేస్తే నోటీసు అందేసరికే సెలవులు వచ్చేస్తాయి, బడి తెరిచే నాటికి అనుమతి చేతికి రాదు. కొత్త విద్యా సంవత్సరానికి మారాలనుకునేవాళ్లు దసరా సెలవులు అవగానే పిటిషన్ వేసి, అందులోనే కొత్త బడి పేరు, ఇంటి చిరునామా, చూసే రోజుల కొత్త పట్టిక జతచేయాలి. తీర్పు ఆలస్యమైతే బడిలో చేర్చడానికి తాత్కాలిక అనుమతి కోరుతూ ఫిబ్రవరిలోగా మధ్యంతర దరఖాస్తు వేసుకోవచ్చు.